తువ్వాలు కింద చెయ్యి

పొద్దున్నే ఆరున్నరకి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు వీధరుగు మీదకి వచ్చి కూర్చోవడం అక్కాతాయికి పదకొండేళ్ళ అలవాటు. అరుగు మీద పాత టేకు బల్ల, దాని మీద పరిచిన తువ్వాలు. ఒకప్పుడది తెల్లదే. సాంగ్లీ పసుపు మార్కెట్టులో ఆవిడ మొగుడు అన్నప్పా మగ్దుమ్ భుజం మీద ముప్పై ఏళ్ళు తిరిగి పచ్చబడిపోయింది. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ రంగు వదల్లేదు, ఆవిడా వదలగొట్టాలని గట్టిగా ప్రయత్నించలేదు. ఆ తువ్వాలు కింద కుడిచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, వంటింట్లోంచి పాల వాసన వచ్చేదాకా కదలకుండా కూర్చునేది. ఆ కాసేపూ వీధిలో ఎవరూ ఆవిణ్ణి పలకరించేవాళ్ళు కాదు. తర్వాత లేచి వెళ్ళి గిన్నె దింపుకుని, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, "ఆఁ, ఇంక రండి" అనేది.

వీధి మొత్తం ఆ మాట కోసమే కాచుకుని ఉండేది. అందరికంటే ముందు కూరల బండి షిండే మావ్‌శీ, వీధి మొత్తానికీ పిన్ని. "అన్నప్పా, కొత్తిమీర, కట్టకి" అంటూ తువ్వాలు కింద చెయ్యి దూర్చేది. లోపల అన్నప్పా చెయ్యి ఆవిడ వేళ్ళు అందుకుని నొక్కేది. "ఎనిమిదేనా? నిన్న పది అన్నావు కదయ్యా, ఒక్క రాత్రిలో ఏం కొంప మునిగింది?" అని సణుక్కుంటూనే పోయి ఎనిమిదికే అమ్మేది, పదకొండయ్యేసరికి బండి ఖాళీ. పాత స్కూటరు అమ్మేవాళ్ళు, గది అద్దెకిచ్చేవాళ్ళు, ద్రాక్షతోట గుత్తకి తీసుకునేవాళ్ళు, అందరూ ఆ వరసలోనే. అన్నప్పా పోయి పదకొండేళ్ళయింది, చెయ్యి మాత్రం పోలేదు, అంతే. బతికున్నప్పుడు ఒక్కరికీ తప్పు ధర చెప్పని మనిషి పోయాక మాత్రం ఎందుకు చెబుతాడు? బంగారం గురించి అడిగితే పలికేవాడు కాదు. పెళ్ళి సంబంధాల గురించి అడిగితే గట్టిగా గిల్లేవాడు. ఒకసారి చెప్పింది మళ్ళీ అడిగినా గిల్లుడే.

ఇప్పటి పిల్లలకి తెలియదు గానీ, ఆ మార్కెట్టులో ఒకప్పుడు ధర నోటితో చెప్పడమే లేదు. పసుపు కొమ్ముల రాశి ముందు, అమ్మిపెట్టే అడ్తీదారూ కొనే వ్యాపారీ ఎదురెదురుగా నిలబడి, చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకునేవాళ్ళు. ఒక వేలు పడితే ఒకటి, అన్ని వేళ్ళూ పడితే ఐదు, వేలి మధ్య కణుపు నొక్కితే సగం. అరచేతిలో గోటితో గీకితే, కుదరదు వదిలెయ్ అని. బేరం కుదిరితే బొటనవేలి మీద బొటనవేలు ఆనించి గట్టిగా అదిమేవాళ్ళు. దాన్ని "ఝాలా" అనేవాళ్ళు, అయిపోయింది అని. ఝాలా అయ్యాక చేతులు విడిపోవాల్సిందే. పోయిన తర్వాత అన్నప్పా అందరికీ ధర చెప్పాడు గానీ, ఏ ఒక్కరితోనూ ఝాలా అనలేదు. ఎందుకనలేదో అక్కాతాయికి తెలుసు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఇంతమందిలో జనవరి నుంచీ ఆ బల్ల వైపు కన్నెత్తి చూడని మనిషి ఒక్కతే ఉంది. అన్నప్పా మనవరాలు శర్వరి.

శర్వరికి ఇరవై మూడేళ్ళు. బీకాం అయ్యాక రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, ఎంబీఏ కోసం క్యాట్ పరీక్ష రెండుసార్లు రాసింది. గదిలో గోడ నిండా లెక్కల సూత్రాలు, తలుపు వెనక పెద్ద పెద్ద కాలేజీల ఫొటోలు. మొదటిసారి యాభై తొమ్మిది పర్సెంటైల్ వచ్చింది. రెండోసారి ఒళ్ళు హూనం చేసుకుని చదివితే అరవై మూడు. ఆ రోజు వాళ్ళ నాన్న భూపాల్ ముందే దూద్‌పేడాల డబ్బా కొని తెచ్చి, ఫోన్‌లో అంకె చూసి, డబ్బా తెరవకుండానే ఫ్రిజ్‌లో పెట్టేశాడు. సంతోషించింది అక్కాతాయి ఒక్కతే.

"అరవై మూడంటే ఏమిటే?"

"నూరుమంది రాస్తే అరవై ముగ్గురు నా వెనక ఉన్నారని, ఆజీ." నాయనమ్మని శర్వరి ఆజీ అనే పిలిచేది, తాతని ఆజోబా అని.

"అరవై ముగ్గుర్ని దాటేశావా! ఇంకేం కావాలే తల్లీ!"

"కాలేజీవాళ్ళు మొదటి పదిమందికే తలుపు తీస్తారు. ఇంకా పెద్దవైతే ఆ మొదటి ఇద్దరికే."

"తక్కినవాళ్ళంతా ఏం చేస్తారు మరి?"

శర్వరి లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రోజు నుంచీ తువ్వాలు దగ్గరికి పోవడం మానేసింది. కొత్తిమీరకీ పాత స్కూటరుకీ ధర కట్టే ఆజోబాకి తన అంకె తెలియకూడదు. అదీ ఆమె పంతం.

నిజానికి ఆ చెయ్యి పట్టుకునే పెరిగిన పిల్ల. ఎనిమిదేళ్ళప్పుడు వేసవి సెలవులంతా అన్నప్పా స్కూటరు ముందు నిలబడి మార్కెట్టుకి వెళ్ళేది. ఆహా, ఏం వాసనది! షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కులోకి దూరి, సాయంత్రం ఇంట్లో అన్నం కలుపుకుంటే వేళ్ళలోంచి మళ్ళీ వచ్చేది. పసుపు బస్తాల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ, పెద్దవాళ్ళ చేతుల మీద కప్పిన తువ్వాళ్ళ వంకే చూసేది. నోళ్ళేమో వాన గురించీ, కూతురి కాన్పు గురించీ మాట్లాడుతుండేవి. అసలు మాటలు చేతులు మాట్లాడుకునేవి. ఒక మధ్యాహ్నం టీ దగ్గర ఉన్నట్టుండి అంది, "ఆజోబా, ఆ మీసాలాయన ముందు రెండున్నర అని, తర్వాత మూడు అన్నాడు కదూ?" అన్నప్పాకి పొలమారింది. లోపల జరిగిన బేరాన్ని తువ్వాలు మడతలు చూసి చెప్పేసింది పిల్ల! పకపకా నవ్వి, మర్నాటి నుంచీ తువ్వాలు రెండు పొరలేసి కప్పడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రమే అరుగు మీద కూర్చోబెట్టుకుని వేళ్ళ భాష మొత్తం నేర్పేశాడు.

మార్కెట్టులో మాత్రం ఆమె చెయ్యి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. "ఆడపిల్ల చెయ్యి మగాళ్ళ చేతుల్లో పెట్టిస్తావా అన్నప్పా, బాగుంటుందా?" అనేవాళ్ళు తక్కిన అడ్తీదార్లు. కొన్నాళ్ళకి ఆ పద్ధతే రద్దయిపోయింది. అరిచి పాడే వేలం వచ్చింది, ఇప్పుడైతే కంప్యూటర్లు. భూపాల్ ఉద్యోగం ఆ కంప్యూటర్ల ముందే.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం. సీటిచ్చిన రెండు కాలేజీల్లో ఏదో ఆ సాయంత్రం ఐదు గంటలకల్లా శర్వరి తేల్చి చెప్పాలి.

"ఏదో ఒకటి నొక్కు తల్లీ" అన్నాడు భూపాల్ పొద్దున అటుకులు తింటూ. "ఐదు దాటిందంటే రెండు సీట్లూ పోతాయి. అసలు నన్నడిగితే ఏదీ నొక్కొద్దు. మూడోసారి రాయి. ఈసారి తొంభై దాటకపోతే నన్నడుగు."

"పుణే అయితే చెప్పుకోడానికి బాగుంటుంది" అంది వాళ్ళమ్మ సునంద వంటింట్లోంచి. "అద్దాల బిల్డింగు. లిఫ్టులో పాటలు కూడా వస్తాయట."

"లిఫ్టులో పాటలు వినడానికి రెండేళ్ళు చదువుతుందా? నేను ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను, మా అమ్మాయి పెద్ద కాలేజీకి వెళ్తుందని."

"ఎవరు చెప్పుకోమన్నారు పప్పా?" అంది శర్వరి. భూపాల్ అటుకుల్లో వేరుశనగ గింజలు ఏరుకుంటూ ఉండిపోయాడు.

పుణే కాలేజీలో ఇంటర్వ్యూ ఏడు నిమిషాలు జరిగింది. ఏమీ అడగలేదు. కాఫీ ఇచ్చి, కాలేజీ పేరున్న సంచీ ఒకటి చేతిలో పెట్టి పంపించారు. రెండోది కొల్హాపూర్‌లో, రైతుల సహకార సంఘం ఒకటి ఎప్పటి నుంచో నడుపుతున్న చిన్న కాలేజీ. పూర్వం బెల్లం గోదాము. ఫ్యాను వేస్తే ఇప్పటికీ ఎండాకాలం బెల్లం వాసన వస్తుంది. పంటల మార్కెట్లు, వాటి వ్యాపారం, అదీ అక్కడి చదువు. కోచింగ్‌లో స్నేహితురాలికి చెబితే, "అది కాలేజీయా, గోడౌనా?" అని నవ్వింది.

ఆ గోదాములో దేశ్‌ముఖ్ మేడమ్ అనే ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మీ ఊళ్ళో పసుపు ధర ఎలా కట్టేవాళ్ళు?" శర్వరి మొదలుపెట్టి నలభై నిమిషాలు ఆపకుండా చెప్పింది. చివర్లో, ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట కూడా అనేసింది. "ఆ పద్ధతి చూడ్డానికి అందంగా ఉండేది మేడమ్, కానీ న్యాయంగా ఉండేది కాదు. పసుపు పండించిన రైతు ఆ పక్కనే నిలబడి ఉండేవాడు. తువ్వాలు లోపల అతని చెయ్యి ఉండేది కాదు." మేడమ్ కలం మూత పెట్టింది. "ఆ మూడో చేతికి చోటెలా చెయ్యాలో ఇక్కడ కూర్చుని ఆలోచిద్దాం, వస్తావా?" అంది.

బస్సులో వస్తూంటే ఎంత సంతోషమో! కిటికీ పక్కన కూర్చుని తనలో తను నవ్వుకుంది. సాంగ్లీలో దిగి ఫోన్ చూసేసరికి, ఎవరికి ఏ పెద్ద కాలేజీ వచ్చిందో వరసగా ఫొటోలు. సంతోషమంతా ఇంకిపోయింది. కొల్హాపూర్ అంటే అరవై మూడుకి దొరికే చోటు. అక్కడ చేరితే, అవును నేను అరవై మూడే అని సంతకం పెట్టినట్టే. ఆ ఒక్క మాట దగ్గరే ఆమె రెండు వారాలుగా ఆగిపోయి ఉంది.

పదింటికి వీధి ఖాళీ అయింది. భూపాల్ ఆఫీసుకి వెళ్ళిపోయాడు. శర్వరి మూడు నెలల తర్వాత వెళ్ళి టేకు బల్ల ముందు కూర్చుంది.

"ఆజోబా" అని పిలిచింది. చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఆయన చెయ్యి అక్కడే ఉంది, ఎప్పటిలాగే వెచ్చగా, గరుగ్గా, బొటనవేలి గోరు మధ్యలో చీలికతో సహా. "ఆజోబా, నా ధర ఎంత?"

చెయ్యి ఆమె చేతిని అందుకుంది. అంతే, ఒక్క వేలూ నొక్కలేదు.

"నా ధరెంత ఆజోబా?"

రెండోసారి అడిగితే గిల్లాలి. గిల్లనైనా లేదు. శర్వరి పెదవి బిగబట్టి తనే నొక్కింది. అన్ని వేళ్ళూ పట్టి, వదిలి, ఒకటి. ఆరు. తర్వాత మూడు వేళ్ళు. "ఇంతేనా? ఇదేనా నేను?" ఆ చెయ్యి ఏమీ తెలియనట్టు ఊరికే పట్టుకుని ఉంది. కొత్తిమీర కట్టకి పలికే మనిషి, తుప్పు పట్టిన సైకిలుకి పలికే మనిషి, సొంత మనవరాలికి పలకలేదు. చెయ్యి లాక్కుని పెరట్లోకి పరిగెత్తి, అంట్లు తోమే రాయి మీద కూర్చుని బావురుమంది.

అక్కాతాయి చేతిలో చేటతో సహా వచ్చింది. "ఏమయిందే? ఎవరేమన్నారు నిన్ను?"

"ఎవరూ ఏమీ అనలేదు. ఆజోబా కూడా ఏమీ అనలేదు!"

"ఏమని అడిగావు?"

"నా ధరెంత అని."

అక్కాతాయి నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ తర్వాత నవ్వింది. ఏడుస్తున్న పిల్ల ముందు నవ్వకూడదని చెంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"ఓసి పిచ్చిమొహమా! అన్నప్పా మగ్దుమ్ మనవరాలివై ఉండి అడగాల్సిన మాటేనా అది? తువ్వాలు కింద ఎన్ని చేతులుంటాయే?"

"రెండు."

"ఎవరెవరివి?"

"అమ్మేవాడిది, కొనేవాడిది."

"సరుకెక్కడుంటుంది?"

"బయట. నేల మీద రాశి పోసి."

"మరి ఆ రాశి లేచొచ్చి, లోపల చెయ్యి పెట్టి, అయ్యా నా ధరెంత అంటే ఆయన ఏం చెబుతాడే? పాపం బిత్తరపోయి ఉంటాడు ముసలాయన."

శర్వరికి ఏడుపులోనే నవ్వొచ్చి, ముక్కు ఎగబీల్చింది. అక్కాతాయి చేట పక్కన పెట్టి రాయి మీద సగం చోటులో తనూ కూర్చుంది.

"పరీక్షవాళ్ళు ఏదో అంకె వేశారు, వెయ్యనీ. నువ్వెందుకే వెళ్ళి రాశిలో పడుకున్నావు? చెయ్యున్న మనిషివి. ఆ కాలేజీలు సరుకు, నువ్వు కొనేదానివి. వెళ్ళి బేరమాడు."

"నాకెవరమ్ముతారు ఆజీ? అరవై మూడు."

"మళ్ళీ అదే మాట!" అక్కాతాయి జామచెట్టు వైపు తిరిగి మొదలుపెట్టింది. "నా పెళ్ళప్పుడు ఈ ఇంట్లో ఇరవై రెండు మంది. కొత్తకోడలు అందరి వెనకా తినాలి. మన జైనుల ఇళ్ళల్లో పొద్దు గూకితే ముద్ద ముట్టకూడదాయె. మగవాళ్ళు తిని, పిల్లలు తిని, అత్తలు తిని, నా వంతొచ్చేసరికి సూర్యుడు దిగిపోయేవాడు. ఎన్ని రోజులు మంచినీళ్ళు కూడా లేకుండా పడుకున్నానో. మీ ఆజోబా అందరి ముందూ నాతో మాట్లాడకూడదు. అందుకని మొదటి నెలలోనే నాకు వేళ్ళ భాష నేర్పాడు. మార్కెట్టు నుంచి రాగానే భుజం మీది తువ్వాలు నా చేతికిచ్చేవాడు. ఇస్తూ ఇస్తూ, దాని కింద నా మణికట్టు మీద రెండుసార్లు తట్టేవాడు. నిన్న ఎన్ని రొట్టెలు తిన్నావు అని."

"నువ్వేం చెప్పేదానివి?"

"మూడు అని నొక్కేదాన్ని. వెంటనే గిల్లేవాడు. అబద్ధం ఆయనకి వేలి కొసల్లో తెలిసిపోయేది. అప్పుడు నిజం చెప్పేదాన్ని, సగం. మర్నాడు వాళ్ళమ్మతో, మార్కెట్టులో నాకు ఆకలి ఆగడం లేదు, రెండు జొన్నరొట్టెలు ఎక్కువ కట్టమని పోట్లాట. ఆ రెండూ తినకుండా తువ్వాల్లో చుట్టి, ఇంకా ఎండ ఉండగానే తెచ్చి నా చేతిలో పెట్టేవాడు." అక్కాతాయి మనవరాలి వైపు తిరిగింది. "నీ ధరెంత అని ఆ మనిషి నన్ను ఒక్కనాడూ అడగలేదే. ఆకలెంత అని అడిగాడు. నువ్వూ అదే చెప్పు ఆయనకి. దేనికి ఆకలేస్తోందో చెప్పు."

శర్వరి కళ్ళు తుడుచుకుంది. ఏదో గుర్తొచ్చి ఆగింది. "ఆజీ, కొనడమంటే చివర్లో ఝాలా అనాలి."

"అనాలి."

"ఆయన ఇంతవరకూ ఎవరితోనూ…"

"నాకు తెలుసు."

"అయితే వద్దులే ఆజీ. నేనే ఏదో ఒకటి ఆలోచించుకుంటాను."

"రెండు వారాలుగా ఆలోచించి ఏం వెలగబెట్టావు? నోర్మూసుకుని లే." అక్కాతాయి మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "ముందు నన్నొక్కసారి కూర్చోనీ."

ఆ రోజు రెండోసారి ఆవిడ వీధరుగు మీదకి వెళ్ళి తువ్వాలు కింద చెయ్యి పెట్టింది. పొయ్యి మీద పాలు లేవు. ఇంక చాలు లే అని చెప్పడానికి ఏ వాసనా రాలేదు. శర్వరి గుమ్మంలో నిలబడింది. తువ్వాలు మెల్లగా కదులుతోంది. మడతలు చదవడం వచ్చిన పిల్ల, ఆ మడతలు చదవకుండా మొహం పక్కకి తిప్పుకుంది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. పన్నెండు దాటింది. అక్కాతాయి లేచి నిలబడి జుట్టు సరిచేసుకుంది.

"వెళ్ళు. మా ఇద్దరి మాటా అయిపోయింది."

శర్వరి కూర్చుంది. చెయ్యి పెట్టింది. ఈసారి గొంతు సవరించుకుని, మార్కెట్టులో పెద్దవాళ్ళు అన్నట్టు సరుకు పేరు పైకి చెప్పింది.

"పుణే కాలేజీ." రెండు వేళ్ళు నొక్కింది. రెండేళ్ళు ఇస్తానని.

అరచేతిలో గోటితో గీకుడు. చీలిన గోరు కదా, చురుక్కుమంది.

"మూడోసారి పరీక్ష." ఒక వేలు.

మళ్ళీ గీకుడు. ఈసారి మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు. అన్నప్పా మంచి అడ్తీదారు, పనికిరాని సరుకుని సొంతవాళ్ళకి అంటగట్టడు.

"కొల్హాపూర్." రెండు వేళ్ళు.

గీకలేదు. బొటనవేలు కూడా రాలేదు. చెయ్యి ఊరికే ఉంది. అప్పుడు శర్వరికి గుర్తొచ్చింది, చిన్నప్పుడు ఆజోబా చెప్పిందే. కొనేవాడు ఎంత నొక్కాడన్నది అందరూ చూస్తారు, ఎలా నొక్కాడన్నది నేను చూస్తాను అనేవాడు. తన వేళ్ళ వంక చూసుకోకపోయినా తెలిసింది, ముట్టుకుంటే మైలపడతానన్నట్టు కొసలతో పట్టుకుని ఉంది. అరవై మూడుకి దొరికిన చోటు కదా మరి.

దేనికి ఆకలేస్తోంది తనకి? షెడ్డులో గోడ పక్కన నిలబడ్డ రైతులు కళ్ళముందు కనిపించారు. తొమ్మిది నెలలు ఎండలో పండించిన పసుపు ఎదురుగా ఉండి, కదులుతున్న తువ్వాలు వంక నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. బస్తా మీద కాళ్ళూపుకుంటున్న ఎనిమిదేళ్ళ పిల్ల కూడా వాళ్ళతోపాటే బయట ఉండిపోయింది. ఆ తువ్వాలు కింద వాళ్ళ చెయ్యీ, తన చెయ్యీ ఉండాలి. పెద్ద కాలేజీల ఫొటోలు తలుపు వెనక అంటించుకోక ముందు నుంచీ తనకి కావాల్సింది ఇదే.

రెండు వేళ్ళు వదిలేసింది. ఐదు వేళ్ళతో ఆ ముసలి చేతిని మొత్తంగా పట్టుకుని, బలం కొద్దీ నొక్కింది. చెయ్యంతా ఇస్తాను ఆజోబా, తీసుకో.

బొటనవేలు వచ్చి బొటనవేలి మీద ఆనింది. చీలిన గోరు గుచ్చుకునేంత గట్టిగా అదిమింది. ఝాలా.

ఆ తర్వాత తువ్వాలు నెమ్మదిగా దిగి, ఆమె చేతి చుట్టూ బల్లకి అంటుకుపోయింది.

ఐదుకి పది నిమిషాలుండగా శర్వరి ఫోన్‌లో కొల్హాపూర్ పేరు నొక్కింది. భూపాల్ వచ్చి విని, ఏదో అనబోయి, బల్ల వైపు చూసి, ఫ్రిజ్‌లో కొత్త పేడాల డబ్బా ఉందా అని అడిగాడు. లేదని చెబితే తనే వెళ్ళి తెచ్చాడు. పొద్దు గూకకముందే అందరూ ఒక్కొక్కటి తిన్నారు.

మర్నాడు ఆరున్నరకి అక్కాతాయి పాలు పెట్టి అరుగు మీదకి వచ్చింది. తువ్వాలు కింద చెయ్యి పెట్టింది. చల్లటి టేకు చెక్క తగిలింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, మాడు వాసన వీధంతా కొట్టింది. శర్వరి పరిగెత్తుకొచ్చి ఆజీ భుజం పట్టుకుంది. "ఏడవకే పిచ్చిదానా, ఏడవాల్సింది నేను" అని, అక్కాతాయి నిజంగానే ఏడ్చింది. షిండే మావ్‌శీ వచ్చి చెయ్యి పెట్టి, తీసి, ఆ రోజుకి కొత్తిమీర కట్ట ఒకటి అరుగు మీద ఉంచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నుంచి అక్కాతాయి వీధిలోకి రావడం మానేసింది. తువ్వాలు తీయనూ లేదు. వీధివాళ్ళు ఎవరికి తోచిన ధర వాళ్ళు చెప్పుకుని రోజూ పోట్లాడుకున్నారు.

జూలైలో శర్వరి కొల్హాపూర్ వెళ్ళింది. పొద్దున ఏడింటికే మొదటి క్లాసు. మూడో రోజో నాలుగో రోజో, బయట వాన దంచి కొడుతుంటే, దేశ్‌ముఖ్ మేడమ్ బోర్డు మీద ఏదో రాస్తుంటే, బల్ల మీదున్న శర్వరి ఎడమచేతిని ఎవరో పట్టుకున్నారు. తడి చెయ్యి, మోటు చెయ్యి. కనబడదు గానీ కొత్తిమీర వాసన గుప్పుమంది. శర్వరి గబుక్కున చున్నీ చేతి మీదకి లాక్కుంది. ఒక్క క్షణం ఆలోచించింది. నాలుగు రోజులుగా ముసురు, పల్లెల నుంచి బళ్ళు వచ్చి ఉండవు, వచ్చినవాటిలో సగం కుళ్ళు. అన్ని వేళ్ళూ రెండుసార్లు, పైన రెండు. పన్నెండు. ఆ చెయ్యి కాసేపు అనుమానంగా ఆగి, తర్వాత వెళ్ళిపోయింది.

"ఏమిటది శర్వరీ?" అంది మేడమ్ ఇటు తిరిగి.

"మా వీధివాళ్ళు మేడమ్. కొత్తిమీర."

"సరే, అయ్యాక ఇటు చూడు" అని మేడమ్ మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

సాంగ్లీలో షిండే మావ్‌శీ అరుగు మీది తువ్వాలు కింద నుంచి చెయ్యి తీసి, కిటికీలోంచి లోపలికి అరిచింది, "అక్కా! చెయ్యి వచ్చింది! కొంచెం చిన్నదైంది, అంతే!" ఆ రోజు నుంచీ వీధి మళ్ళీ వరస కట్టింది. శర్వరి ఒక చేత్తో రాసుకుంటూ, రెండో చేత్తో స్కూటర్లకీ గదులకీ ధర కట్టేది. వారం తిరక్కుండానే ఓ గరుకు చెయ్యి వచ్చింది, గోళ్ళ సందుల్లో పసుపు. మార్కెట్టుకి బయల్దేరేముందు అడిగి పోదామని వచ్చిన రైతు. తువ్వాలు కిందకి రైతు చెయ్యి రావడం అదే మొదలు. శర్వరి ఆ వేళ్ళని అవసరానికి మించి ఇంకాసేపు పట్టుకుని ఉంది.

ఎన్ని చేతులొచ్చినా ఒక్క చెయ్యి మాత్రం రాలేదు. శర్వరి రోజూ ఆరున్నరకే లేచి, హాస్టల్ కిటికీ దగ్గర, చున్నీ కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. ఏడు కావొస్తుండగా లేచేది.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున వచ్చింది. మెత్తటి ముడతల చెయ్యి, చిటికెన వేలు కొంచెం వంకర. లోపలికి వచ్చి, తెలియని ఇంట్లో తడుముకున్నట్టు తడుముకుని, ఆగిపోయింది. చాలాసేపటికి ఆ చెయ్యి ఆమె మణికట్టు మీద రెండుసార్లు తట్టింది.

శర్వరి మూడు అని నొక్కింది.

గట్టిగా గిల్లుడు పడింది. కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుని నవ్వుతూ, కళ్ళ నీళ్ళు ధారగా కారుతుంటే, శర్వరి నిజం చెప్పింది. వేలి మధ్య కణుపు నొక్కింది. సగం. అవతల సాంగ్లీలో పొయ్యి మీద పాలు పొంగేదాకా ఆ చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.